కణాలకు, కణజాలాలకు కలిగే హాని: కారణాలు, రకాలు

5.1 పరిచయం

గత పాఠంలో ఆరోగ్యంగా ఉన్న కణం నిర్మాణాన్ని చదివారు. కణత్వచం, కేంద్రకం, మైటోకాండ్రియా, లైసోజోములు ఏ పని చేస్తాయో మీకు తెలుసు. అదే కణం దెబ్బతిన్నప్పుడు ఈ భాగాలలో ఏం జరుగుతుందన్నది ఈ పాఠం విషయం. దీన్ని చదివిన తరువాత కణానికి హాని కలిగించే కారణాలను ఉదాహరణలతో చెప్పగలగాలి. కోలుకోగల హానికి, కోలుకోలేని హానికి తేడా వివరించగలగాలి. చనిపోయిన కణజాలం ఒక్కో అవయవంలో ఒక్కో రకంగా ఎందుకు కనబడుతుందో చెప్పగలగాలి.

ముందు ఒక రోగిని ఊహించుకోండి. యాభై ఏళ్ల రైతు. తెల్లవారుజామున ఐదు గంటలకు ఛాతీ బరువెక్కినట్లయి మెలకువ వచ్చింది. గ్యాస్ అనుకున్నాడు. సోడా తాగాడు, కాసేపు అటూ ఇటూ నడిచాడు. ఏడు గంటలకు చెమటలు పట్టాయి. ఇంట్లోవాళ్లు ఆటో పిలిచి పట్టణంలోని ఆసుపత్రికి చేర్చేసరికి ఎనిమిదిన్నర. గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనులలో ఒకదానిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయింది. ఐదింటికి, ఎనిమిదిన్నరకు మధ్య ఆ ధమని మీద ఆధారపడిన గుండె కణాలకు ఏమైంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే ఈ పాఠంలో ముఖ్యమైనదంతా మీకు వచ్చినట్లే. అందుకే ఈ రోగి దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తాం.

రోగానికి మూలం కణంలోనే వెతకాలన్న ఆలోచన ఇప్పుడు సహజంగా అనిపిస్తుంది గాని, ఒకప్పుడు అలా లేదు. శరీరంలోని ద్రవాలు చెడిపోవడం వల్ల రోగం వస్తుందని యూరప్‌లో శతాబ్దాలపాటు నమ్మారు. బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో ఇచ్చిన ఉపన్యాసాలు 1858లో పుస్తకంగా వెలువడ్డాయి. రోగమంటే కణాలలో వచ్చే మార్పేనని ఆయన అందులో వాదించాడు. నేటి వ్యాధివిజ్ఞానం ఆ పునాది మీదే నిలిచి ఉంది.

5.2 సర్దుబాటు, హాని, మరణం

కణం చుట్టూ ఉన్న పరిస్థితులు మారితే కణం వెంటనే దెబ్బతినదు. ముందు సర్దుకోవడానికి ప్రయత్నిస్తుంది. బరువులు మోసే హమాలీ భుజం కండరంలో కణాలు లావవుతాయి. విరిగిన కాలికి ఆరు వారాలు కట్టు వేసి ఉంచితే పిక్క కండరం సన్నబడుతుంది. పొగ తాగేవారి శ్వాసనాళం లోపల, కేశికలు ఉన్న సున్నితమైన స్తంభాకార కణాల స్థానంలో చదునైన మొరటు కణాలు పేరుకుంటాయి. ఇవన్నీ సర్దుబాట్లు. కారణం తొలగిపోతే చాలావరకు వెనక్కి వెళ్తాయి.

సర్దుబాటుకు ఒక హద్దు ఉంది. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో, చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల ఉంచి పీల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువ. అంగిలికి ఇక్కడ రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి: నిప్పు వేడి, పొగలోని రసాయనాలు. అంగిలి పొర మొదట మందంగా, తెల్లగా మారుతుంది. ఇది తనను తాను కాపాడుకునే ప్రయత్నం, అంటే సర్దుబాటు. లాలాజల గ్రంథుల రంధ్రాలు వాచి ఎర్రటి చుక్కలుగా కనబడతాయి. అక్కడక్కడ పుండ్లు పడతాయి. ఇది హాని. ఏళ్ల తరబడి అదే సాగితే కొందరిలో అంగిలి క్యాన్సర్ వస్తుంది. మామూలుగా అంగిలి గట్టి భాగంలో క్యాన్సర్ అరుదు. ఈ అలవాటు ఉన్నచోట మాత్రం అది అంత అరుదు కాదు. ఒకే నోటిలో సర్దుబాటు, హాని, కణాల దారి తప్పడం పక్కపక్కనే కనబడే ఉదాహరణ ఇంతకంటే స్పష్టమైనది దొరకడం కష్టం.

కాబట్టి కణ హాని అంటే, సర్దుబాటు చేసుకునే శక్తికి మించిన ఒత్తిడి వల్ల కణం నిర్మాణంలో, పనిలో వచ్చే చెడు మార్పు. ఆ మార్పు ఒక దశ వరకు వెనక్కి మళ్లుతుంది, ఆ దశ దాటితే మళ్లదు. హాని స్వల్పమా తీవ్రమా అన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: దెబ్బ ఎంత బలమైనది, ఎంతసేపు ఉంది, తగిలిన కణం ఏది. వీటిలో రెండోదాన్ని, అంటే సమయాన్ని, మనం తరచు తక్కువగా అంచనా వేస్తాం.

5.3 ఒక గుండె కణంలో మొదటి గంట

ఇప్పుడు మన రోగి దగ్గరికి వద్దాం. ధమని మూసుకుపోయిన క్షణం నుంచి ఆ భాగానికి ఆక్సిజన్ రాదు. కణానికి ఆక్సిజన్ తగ్గడాన్ని హైపాక్సియా అంటారు. రక్తప్రసరణే ఆగడం వల్ల అది వస్తే ఇస్కీమియా అంటారు. రెండింటిలో ఇస్కీమియా ఎక్కువ ప్రమాదకరం. రక్తహీనత ఉన్నవారిలో ఆక్సిజన్ తక్కువైనా రక్తం పారుతూనే ఉంటుంది. గ్లూకోజు వస్తుంది, వ్యర్థాలు పోతాయి. ఇస్కీమియాలో ఆ రెండూ ఆగిపోతాయి.

ఆక్సిజన్ లేకపోతే మైటోకాండ్రియాలో ఏటీపీ తయారవడం ఆగుతుంది. ఏటీపీ కణానికి రోజుకూలి లాంటిది. దాచుకోవడానికి ఉండదు, ఎప్పటికప్పుడు సంపాదించుకోవాలి. ఈ అణువును 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అదే సంవత్సరం అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు. అంతకు రెండేళ్ల ముందు ఫిస్కే, సుబ్బారావు ఫాస్ఫోక్రియాటిన్‌ను కూడా కనుగొన్నారు. గుండె కండరంలో ఏటీపీ తగ్గగానే కొద్దిసేపు ఆదుకునే చిన్న నిల్వ అదే. ఈ నిల్వ త్వరగానే అయిపోతుంది.

రెండు నిమిషాలలోపే ఆ భాగంలోని గుండె కండరం సరిగా ముడుచుకోవడం మానేస్తుంది. కణం ఇంకా చనిపోలేదు. పని మాత్రం ఆపింది. ఉన్న కొద్ది శక్తిని బతకడానికి మిగుల్చుకుంటోంది. సుమారు పది నిమిషాలకు ఏటీపీ సగానికి, నలభై నిమిషాలకు పదో వంతుకు పడిపోతుంది.

ఏటీపీ తగ్గితే మొదట కుంటుపడేది కణత్వచం మీది సోడియం-పొటాషియం పంపు. సింగరేణి భూగర్భ గనిలో ఊటనీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. పంపులు దాన్ని ఎప్పటికప్పుడు పైకి తోడుతుంటాయి కనుకనే లోపల పని సాగుతుంది. కరెంటు పోయి పంపులు ఆగితే ఎవరూ నీళ్లు పోయకుండానే గని నిండుతుంది. కణంలోనూ అంతే. సోడియం ఎప్పుడూ లోపలికి జారుతూనే ఉంటుంది, పంపు దాన్ని బయటికి నెడుతూనే ఉంటుంది. పంపు ఆగగానే సోడియం లోపల పేరుకుంటుంది. దాని వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. సూక్ష్మదర్శినిలో కనబడే మొదటి మార్పు ఈ ఉబ్బే. ఇలా ఉబ్బిన అవయవాన్ని చేత్తో పట్టుకుంటే కాస్త బరువుగా, పాలిపోయి ఉంటుంది.

ఆక్సిజన్ లేకుండా గ్లూకోజును విడగొట్టి కొంత శక్తి రాబట్టుకోవాలని కణం చూస్తుంది. దానివల్ల లాక్టిక్ ఆమ్లం పేరుకుని కణం లోపల ఆమ్లత్వం పెరుగుతుంది. ఎంజైముల పని మందగిస్తుంది. రైబోజోములు తమ స్థానం నుంచి ఊడిపోయి ప్రొటీన్ల తయారీ తగ్గుతుంది. కాలేయం వంటి అవయవాలలోనైతే ఈ దశలో కణాలలో కొవ్వు చుక్కలు చేరడం కూడా చూస్తాం.

ఇప్పటివరకు చెప్పినదంతా కోలుకోగల హానే. ఈ దశలో రక్తప్రసరణ తిరిగి మొదలైతే మైటోకాండ్రియా పని అందుకుంటాయి, పంపు తిరుగుతుంది, నీరు బయటికి పోతుంది. కొద్ది రోజులు ఆ కండరం మందకొడిగా పనిచేసినా చివరికి కోలుకుంటుంది.

ఆలోచించండి: మన రోగి సోడా తాగి నడుస్తున్న సమయంలో అతని గుండె కణాలు ఏ దశలో ఉండి ఉంటాయి? చదవడం ఆపి, జవాబును మీ నోటుపుస్తకంలో రాసుకుని ముందుకు వెళ్లండి.

5.4 వెనక్కి రాలేని చోటు

గుండె కండరంలో రక్తప్రసరణ పూర్తిగా ఆగితే సుమారు 20 నుంచి 40 నిమిషాలలో కొన్ని కణాలు కోలుకోలేని స్థితికి చేరతాయి. ఆ స్థితికి రెండు గుర్తులు చెబుతారు. ఆక్సిజన్ తిరిగి ఇచ్చినా మైటోకాండ్రియా పని మొదలుపెట్టలేకపోవడం ఒకటి. త్వచాలు చిరిగిపోవడం రెండోది. కణం లోపల కాల్షియం మామూలుగా చాలా తక్కువ. త్వచం బలహీనపడగానే బయటి కాల్షియం లోపలికి దూసుకొచ్చి ఎంజైములను లేపుతుంది. కొన్ని త్వచాన్ని, కొన్ని ప్రొటీన్లను, కొన్ని కేంద్రకంలోని డీఎన్ఏను కత్తిరిస్తాయి. లైసోజోముల త్వచం కూడా చిరిగితే వాటిలోని జీర్ణ ఎంజైములు కణాన్నే అరిగిస్తాయి.

గుండె కణాలన్నీ ఒకేసారి చావవు. ధమని మూసుకున్నప్పుడు గుండె గోడ లోపలి పొర ముందుగా దెబ్బతింటుంది. అక్కడి నుంచి చావు ఒక అలలా బయటి పొర వైపు కొన్ని గంటలపాటు కదులుతుంది. ఎనిమిదిన్నరకు ఆసుపత్రికి చేరిన రోగికి లోపలి పొర పోయి ఉండవచ్చు. బయటి వైపు ఇంకా కాపాడుకోగల కండరం ఉంటుంది. గడ్డను కరిగించే మందు ఇవ్వడానికైనా, సన్నని గొట్టంతో దారి తెరవడానికైనా వైద్యులు పరుగు పెట్టేది ఆ మిగిలిన కండరం కోసమే. మొదటి గంటలలో లాభం ఎక్కువ. ఆలస్యమైనకొద్దీ కాపాడడానికి మిగిలేది తగ్గుతుంది.

రక్తం తిరిగి రావడంలో కూడా కొంత నష్టం ఉంది. ఆక్సిజన్ ఒక్కసారిగా చేరినప్పుడు దెబ్బతిన్న మైటోకాండ్రియా నుంచి స్వేచ్ఛా రాడికల్స్ అనే చురుకైన అణువులు పుట్టి త్వచాలను మరికొంత పాడుచేస్తాయి. దీన్ని పునఃప్రసరణ హాని అంటారు. అంతమాత్రాన దారి తెరవకూడదని కాదు. తెరవకపోతే పోయేది చాలా ఎక్కువ.

గడువు అన్ని కణాలకూ ఒకటి కాదు. మెదడులోని నాడీకణాలు రక్తప్రసరణ లేకుండా మూడు నుంచి ఐదు నిమిషాలే తట్టుకుంటాయి. కాలేయ కణాలు గంట, రెండు గంటలు ఉండగలవు. చేయి, కాలి కండరాలు రెండు మూడు గంటలు ఓర్చుకుంటాయి. ఎముకలను కలిపే తంతు కణజాలం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది.

కండరం రెండు మూడు గంటలు ఓర్చుకుంటుందన్న మాటను పాముకాటుతో కలిపి చూడండి. కాటు పడగానే పైన తాడుతో బిగించి కట్టే అలవాటు పల్లెల్లో ఇంకా పోలేదు. నాగుపాము, రక్తపింజరి విషాలలో కాటుపడినచోట కణజాలాన్ని చంపే ఎంజైములు ఉంటాయి. కట్టు బిగిస్తే ఆ విషమంతా అక్కడే నిలుస్తుంది. దానికి తోడు కట్టుకు కింద ఉన్న భాగానికి రక్తం అందదు. అంటే విషం చేసే హానికి ఇస్కీమియాను మన చేతులతో మనమే జోడిస్తున్నాం. బండి దొరికి, ఆసుపత్రికి చేరేసరికి రెండు గంటలు దాటితే, విషానికి విరుగుడు ఇచ్చి ప్రాణం కాపాడినా కాలు దక్కకపోవచ్చు. తాడు కట్టకుండా, కాలు కదలకుండా ఉంచి, త్వరగా తీసుకెళ్లమని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

5.5 హానికి కారణాలు

ఆక్సిజన్ కొరత అన్నిటికంటే సాధారణమైన కారణం. ధమని మూసుకోవడం గురించి చూశాం. చలికాలం గది తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవారు చనిపోవడం వెనుక ఉన్నది కూడా ఇదే. బొగ్గు సరిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రక్తం పారుతూనే ఉంటుంది, కాని ఆక్సిజన్ మోయదు. వాసన ఉండదు కనుక నిద్రలో ఉన్నవారికి తెలియదు.

భౌతిక కారణాలలో దెబ్బ, వేడి, చలి, విద్యుత్తు, రేడియేషన్ ఉన్నాయి. మన ప్రాంతంలో వేడి గురించి వివరంగా తెలుసుకోవాలి. వడదెబ్బలో శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, స్పృహలో తేడా వస్తుంది. ఆ వేడికి కణంలోని ప్రొటీన్లు తమ మడతలు కోల్పోతాయి, త్వచాలు వదులవుతాయి. మెదడు కణాలు ముందుగా తడబడతాయి కనుకనే రోగి పొంతన లేకుండా మాట్లాడతాడు. కండర కణాలు పగిలి వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాల నాళికలను దెబ్బతీస్తుంది. రెండో రోజు మూత్రం తగ్గడానికి ఇదొక కారణం. ఇక్కడ కూడా గడియారమే ముఖ్యం. ఎంతసేపు వేడిలో ఉంటే అంత హాని. నీడకు చేర్చి, ఒంటిని తడిపి, గాలి విసరడం వెంటనే మొదలుపెట్టాలి. జ్వరం మాత్ర వడదెబ్బలో పనిచేయదు. జ్వరంలో మెదడు తానే ఉష్ణోగ్రతను పెంచి ఉంచుతుంది, మాత్ర ఆ ఏర్పాటును సరిచేస్తుంది. వడదెబ్బలో ఆ ఏర్పాటు మారలేదు, వేడి బయటికి పోవడం లేదు, అంతే.

విద్యుత్ షాక్‌లో చర్మం మీద చిన్న మచ్చ మాత్రమే కనబడవచ్చు. కరెంటు పోయిన దారిలో లోపలి కండరం కాలి ఉంటుంది. మోటారు స్టార్టర్ దగ్గర షాక్ తగిలిన రైతును, గాయం చిన్నదే కదా అని ఇంటికి పంపకూడదు. రేడియేషన్ కణంలోని నీటి అణువులను చీల్చి స్వేచ్ఛా రాడికల్స్ పుట్టిస్తుంది, డీఎన్ఏను తెంచుతుంది. త్వరత్వరగా విభజన చెందే కణాలు దానికి ఎక్కువ లోనవుతాయి. రేడియేషన్ చికిత్సలో దాని దారిలోకి వచ్చిన చోట జుట్టు రాలడం, పేగు లోపలి పొర పుండవడం అందుకే.

రసాయనాలకు అంతు లేదు. మోతాదు మించితే ఉప్పు కూడా కణానికి హానికరమే. కొన్ని రసాయనాలు నేరుగా దెబ్బతీస్తాయి. కొన్ని శరీరంలో మారిన తరువాతే విషమవుతాయి. రెండోదానికి ప్రతి ఇంట్లో ఉండే ఉదాహరణ పారాసెటమాల్. సరైన మోతాదులో సురక్షితమైన మందు. పెద్దవారికి రోజుకు నాలుగు గ్రాములు మించకూడదు. కాలేయం దానిలో కొంత భాగాన్ని ఒక విషపదార్థంగా మారుస్తుంది, గ్లూటాథయోన్ అనే మరో పదార్థంతో వెంటనే దాన్ని కట్టేస్తుంది. మోతాదు బాగా మించితే గ్లూటాథయోన్ నిల్వ అయిపోతుంది. కట్టు లేని విషం కాలేయ కణాల మీద పడుతుంది. మొదటి రోజు వికారం తప్ప రోగికి పెద్దగా ఏమీ ఉండదు. చూసినవారు గండం గడిచిందనుకుంటారు. కాలేయ కణాలు చావడం ఆ నిశ్శబ్దంలోనే జరుగుతుంది. గ్లూటాథయోన్‌ను తిరిగి నింపే ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎనిమిది గంటలలోపు ఇస్తే అది బాగా పనిచేస్తుంది. లక్షణాల కోసం ఎదురుచూస్తే ఆ గడువు దాటిపోతుంది.

నెమ్మదిగా పనిచేసే రసాయనానికి ఫ్లోరైడ్ ఉదాహరణ. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల వ్యాధిని మన దేశంలో 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వివరించారు. తరువాత నల్లగొండ పేరు దానితో ముడిపడిపోయింది. పంటి ఎనామిల్‌ను తయారుచేసే కణాలు చిన్నతనంలోనే ఆ పని ముగించి కనుమరుగవుతాయి. అవి పనిచేస్తున్న ఏళ్లలో ఫ్లోరైడ్ తగిలితే పంటి మీది మచ్చ జీవితాంతం ఉంటుంది. తరువాత మంచినీళ్లు ఇచ్చినా సరిచేయడానికి ఆ కణాలు లేవు.

సూక్ష్మజీవులు కొన్ని కణాన్ని నేరుగా పగలగొడతాయి. మలేరియా పరాన్నజీవి ఎర్రరక్తకణంలో పెరిగి దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. క్షయలో అలా కాదు. బాక్టీరియాను అణచడానికి మన రోగనిరోధక కణాలు చేసే పోరాటంలోనే ఊపిరితిత్తి కణజాలం ఎక్కువగా నాశనమవుతుంది. కాబట్టి సూక్ష్మజీవులు ఒక కారణం, రోగనిరోధక చర్య వేరొక కారణం అని పుస్తకాల్లో విడదీసి రాసినా, రోగిలో అవి కలిసే ఉంటాయి.

జన్యుకారణాలకు కొడవలి కణ వ్యాధి చాలు. ఏజెన్సీ ప్రాంతాలలోని గిరిజన కుటుంబాలలో ఇది కనబడుతుంది. హిమోగ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లూటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. ఆ ఒక్క మార్పుకు ఎర్రరక్తకణం కొడవలిలా వంగి సన్నని నాళాలలో ఇరుక్కుంటుంది. ఫలితం మళ్లీ ఇస్కీమియానే. ఇక పోషకాహారం విషయంలో కొరత, అతి రెండూ కణానికి చేటే. వాటి గురించి వేరే పాఠంలో చదువుతారు.

5.6 చనిపోయిన కణం, చనిపోయిన కణజాలం

గట్టి దెబ్బ తిని, ఉబ్బి, త్వచం చిరిగి కణాలు చావడాన్ని నెక్రోసిస్ అంటారు. లోపలి పదార్థాలు బయటికి కారడం వల్ల చుట్టూ శోథ వస్తుంది. హిమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు వేసి చూస్తే చనిపోయిన కణం మామూలుకంటే ఎక్కువ గులాబీ రంగులో ఉంటుంది. కేంద్రకం మొదట కుంచించుకుని నల్లటి చుక్కవుతుంది, లేదా ముక్కలవుతుంది, చివరికి కరిగి మాయమవుతుంది. ఈ మూడు మార్పుల పేర్లు వరుసగా పిక్నోసిస్, కారియోరెక్సిస్, కారియోలైసిస్. పరీక్షలో తరచు అడుగుతారు.

ఒక సంగతి గమనించండి. ఈ మార్పులు కణం చచ్చిన వెంటనే కనబడవు. గుండె కండరంలో మామూలు సూక్ష్మదర్శినికి అందేంత మార్పు రావడానికి నాలుగు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. మన రోగి దారిలోనే చనిపోయి ఉంటే, శవపరీక్షలో గుండె కండరం చూడడానికి మామూలుగానే ఉండవచ్చు. ఏమీ కనబడలేదు గనుక ఏమీ జరగలేదని చెప్పడం అక్కడ పెద్ద తప్పవుతుంది.

చనిపోయిన భాగం రూపం అవయవాన్ని బట్టి, కారణాన్ని బట్టి మారుతుంది. గుండె, మూత్రపిండం, ప్లీహం వంటి అవయవాలలో రక్తప్రసరణ ఆగితే వచ్చేది గడ్డకట్టే నెక్రోసిస్. గుడ్డు ఉడికిస్తే గట్టిపడి ఆకారం నిలుపుకున్నట్లు, ఇక్కడ కణాల ప్రొటీన్లతో పాటు అరిగించే ఎంజైములు కూడా చెడిపోతాయి. అందువల్ల కణాల హద్దులు కొద్ది రోజులు అలాగే ఉంటాయి. లోపల ప్రాణం ఉండదు.

మెదడులో కథ వేరు. అదే ఇస్కీమియా, కాని చచ్చిన భాగం మెత్తబడి ద్రవమవుతుంది. పక్షవాతం వచ్చి కొన్ని నెలలు గడిచిన రోగి మెదడు స్కాన్‌లో ఆ చోట నీటితో నిండిన ఖాళీ కనబడుతుంది. చీముగడ్డలో జరిగేదీ ద్రవీకరణమే. అక్కడ కరిగించేవి తెల్లరక్తకణాల ఎంజైములు.

క్షయ సోకిన శోషరస గ్రంథిని కోస్తే లోపల జున్నులా తెల్లగా, పొడిపొడిగా ఉంటుంది. పాత క్షయ గ్రంథులలో కాల్షియం పేరుకుని ఎక్స్‌రేలో తెల్లటి మచ్చలుగా కనబడతాయి. క్లోమం వాచినప్పుడు దాని లైపేజు ఎంజైము చుట్టూ ఉన్న కొవ్వును విడగొడుతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి సబ్బు అవుతాయి. మాట వరసకు కాదు, రసాయనికంగా నిజంగా సబ్బే. శస్త్రచికిత్సలో సుద్దముక్కల్లాంటి తెల్లటి చుక్కలుగా అది కనబడుతుంది.

గాంగ్రీన్ అన్నది ప్రత్యేకమైన కణమరణం కాదు, వైద్యులు వాడే పేరు. మధుమేహం ఉన్నవారి కాలివేలు రక్తం అందక నల్లబడి, ఎండి, ముడుచుకుంటే అది పొడి గాంగ్రీన్. దానికి బాక్టీరియా తోడై కుళ్లి, నీరు కారుతూ వాసన వస్తే తడి గాంగ్రీన్. మొదటిదానిలో చచ్చిన భాగానికీ బతికిన భాగానికీ మధ్య స్పష్టమైన గీత ఏర్పడుతుంది. రెండోదానిలో ఆ గీత ఉండదు, విషం శరీరానికి పాకుతుంది. వైద్యానికి తొందర అందుకే. మధుమేహంలో నాడులు కూడా మొద్దుబారి నొప్పి తెలియదు కాబట్టి, రోజూ పడుకునే ముందు పాదాలు చూసుకోమని రోగులకు చెప్పండి.

కణాలన్నీ దెబ్బ తినే చావవు. కొన్ని తమంతట తాము క్రమపద్ధతిలో ముగుస్తాయి. 1972లో కెర్, విలీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీనికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో చెట్టునుంచి ఆకులు రాలడమని అర్థం. పండుటాకు రాలితే కొమ్మకు గాయం కానట్లే, ఇక్కడ శోథ రాదు. కణం ఉబ్బదు, ముడుచుకుంటుంది. త్వచం చిరగదు, చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్కకణాలు ఆ మూటలను మింగేస్తాయి. గర్భంలో శిశువు వేళ్ల మధ్య పొర తొలగి వేళ్లు విడివడేది ఇలాగే. రోగాలలో కూడా ఇది ఉంటుంది. వైరస్ సోకిన కాలేయ కణాలు కొన్ని ఈ పద్ధతిలో చస్తాయి. బాగుచేయలేనంతగా డీఎన్ఏ చెడినప్పుడు కణం ఈ దారి పట్టడం శరీరానికి మేలు. పట్టకుండా విభజన సాగిస్తే క్యాన్సర్‌కు దారి తీయవచ్చు.

5.7 రక్తపరీక్షలో కణ హాని

మీలో చాలామంది ప్రయోగశాలలో పనిచేస్తారు. సూక్ష్మదర్శిని కింద పెట్టడానికి బతికున్న రోగి గుండె ముక్క మీకు దొరకదు. దొరికేది రక్తం. త్వచం చిరిగితే లోపలివి రక్తంలోకి కారతాయి గనుక, రక్తంలో ఉండకూడనిది ఏది ఉందో చూసి ఏ కణం చచ్చిందో చెప్పవచ్చు. ట్రోపోనిన్ గుండె కండరం పగిలిందని చెబుతుంది. ఏఎల్‌టీ ఎక్కువగా కాలేయాన్ని, లైపేజు క్లోమాన్ని, సీకే కండరాన్ని సూచిస్తాయి.

ట్రోపోనిన్ పెరగడానికి కూడా సమయం కావాలి. సాధారణ పరీక్షలలో అది కనబడేసరికి మూడు నాలుగు గంటలవుతుంది. నొప్పి మొదలైన గంటలోపు వచ్చిన రోగిలో పరీక్ష మామూలుగా రావచ్చు. అందుకే కొన్ని గంటల తరువాత మళ్లీ నమూనా అడుగుతారు. ఇందాకే చేశాం కదా అని ఆ రెండో నమూనాను పక్కన పెట్టవద్దు.

ఇంకొక మాట. సన్నని సూదితో సిరంజిని బలంగా లాగినా, నమూనా గొట్టాన్ని గట్టిగా కుదిపినా ఎర్రరక్తకణాలు అక్కడే పగులుతాయి. వాటి నిండా పొటాషియం ఉంటుంది. సీరం ఎర్రగా మారి, పొటాషియం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. రోగి శరీరంలో జరగని కణ హాని మీ చేతిలోని గొట్టంలో జరిగింది. అలాంటి నమూనా ఫలితాన్ని పంపకుండా మళ్లీ రక్తం తీసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ధమని మూసుకున్న పది నిమిషాలకు, మూడున్నర గంటలకు గుండె కణాలలో ఉండే మార్పులను పోల్చండి.

2. ఒకే కారణం, ఇస్కీమియా, గుండెలో గట్టి ముద్దను, మెదడులో ద్రవాన్ని మిగల్చడం గురించి మీ మాటల్లో రాయండి.

3. పాముకాటు పడిన కాలికి తాడు కట్టి తెచ్చారు. కట్టుకు కింద ఉన్న కణజాలానికి ఎన్ని రకాల హాని జరుగుతోందో చెప్పండి. ఆ బంధువులకు మీరు ఏం చెబుతారో కూడా రాయండి.